పక్క చేను కూడా మన షెడ్డే



మా ఊరు చోళపురం, రాజపాళయం పక్కన. పడమటికి తలెత్తితే కొండలు, వాటి అడుగున మామిడి, కొబ్బరి. కొండ వదిలి ఇవతలికి వచ్చేకొద్దీ మొక్కజొన్న, పత్తి, నీళ్లున్నచోట వరి. వీటి నడుమ అక్కడొక ఎకరం, ఇక్కడొక ఎకరం మల్బరీ. హిందూపురం, పలమనేరు వైపు మాదిరి వరసగా పట్టు రైతులే ఉండే చోటు కాదు. మల్బరీ ఉన్నవాళ్లం పదిమందిమి కూడా ఉండం. చుట్టూ ఉన్న చేలు వేరేవాళ్లవి. వాళ్లు పురుగును చంపి బతకాలి, మేము పురుగును బతికించి బతకాలి. ఇది ముందే చెప్పకపోతే కింద రాసేది అర్థం కాదు.

పోయినేడు మాలో ఒకరి షెడ్డులో 150 గుడ్ల పంట. నాలుగో జ్వరం లేచి నాలుగో రోజు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పొద్దున వేసిన ఆకు మధ్యాహ్నానికి అలాగే ఉంది. సాయంత్రానికి పురుగులు ముడుచుకుపోయి, నోట పచ్చనీళ్లు కక్కి, మెత్తబడ్డాయి. మర్నాటికి ఊడ్చి గోతిలో వేయడమే మిగిలింది. రోగం కాదు. తోటకు రెండు మడుల అవతల మొక్కజొన్నలో ముందురోజు కత్తెర పురుగుకు మందు కొట్టారు, గాలి ఇటు వీచింది. అంతే.

లెక్క వేసుకోండి. 150 గుడ్లకు 100 కిలోల గూళ్లు, కిలో 500 అనుకుంటే 50 వేలు. ఐదో దశలో ఉండగా పోయిందంటే చాకీ ఖర్చు, కూలి, ఆకు అన్నీ పెట్టేశాక పోయినట్టు. పురుగు మొత్తం తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా తినేది ఆ ఐదో దశలోనే కదా.

చేను ఆసామి మాకు మామ వరసే. వెళ్లి అడిగాం. కోపంగా ఏమీ మాట్లాడలేదు. "అల్లుడూ, మొవ్వులో పురుగు దూరితే నాకు కంకి ఉంటుందా? మందు కొట్టొద్దంటావు సరే, నా నష్టం నువ్విస్తావా?" అన్నాడు.

ఆ మాటకు ఎదురు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ఈ కత్తెర పురుగు అమెరికా ఖండం నుంచి 2016లో ఆఫ్రికాకు, 2018లో మన దేశానికి వచ్చింది. మొదట కర్ణాటకలో కనిపించి, చూస్తుండగానే దక్షిణాది అంతా పాకింది. అంతకుముందు మొక్కజొన్న పెద్దగా మందు అడిగే పంట కాదు. ఇప్పుడు క్లోరాంట్రానిలిప్రోల్, ఎమామెక్టిన్ బెంజోయేట్ లేకుండా గింజ రాదన్న భయం. ఈ రెండూ గొంగళి పురుగుల కోసమే చేసిన మందులు. పట్టుపురుగు కూడా గొంగళి పురుగే. మొదటిదైతే ఆకు మీద చాలా రోజులు నిలబడుతుంది, రవ్వంత తగిలినా పురుగు తట్టుకోదు.

అప్పుడే ప్రకృతి సేద్యం చేసే స్నేహితుడు ఒకాయన వచ్చి, రసాయనం మానేసి బీటీ పొడో బవేరియానో కొట్టించండి, నేలకూ మంచిది, మీకూ మంచిది అన్నాడు. మనసు మంచిదే గానీ మాకు గుండె ఆగినంత పనైంది. బవేరియా అంటే మన షెడ్డులో పురుగు సున్నపుముక్కలా గట్టిపడి చచ్చే తెల్ల మస్కార్డిన్ రోగం, అదే బూజు. ఇక బీటీని మొట్టమొదట కనుక్కున్నదే చచ్చిన పట్టుపురుగుల్లో. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే ఆయన, పట్టుపురుగులు ఉన్నట్టుండి ఎందుకు వాలిపోతున్నాయో చూస్తూ ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. వేపనూనె కూడా మోతాదు మించి ఆకు మీద ఉంటే పురుగుకు జ్వరం సరిగా లేవదు. అంటే పక్కవాడు రసాయనం కొట్టినా మనకు చావే, రసాయనం మానేసి జీవ మందు కొట్టినా చావే. పర్యావరణం గురించి ఎవరెంత మాట్లాడినా, మనం ఆ మాటల్లో లేకపోతే మన పురుగు వాళ్ల లెక్కలోకి రాదు. మాకు తట్టింది ఇదే. ఆకు మన తోటలో పెరగవచ్చు, షెడ్డు మన డబ్బుతో కట్టి ఉండవచ్చు, కానీ గాలి వచ్చే దారిలో ఉన్న పక్క చేను కూడా మన షెడ్డే. దాన్ని కొనలేం, కంచె వేయలేం. ఆ చేను మనిషితో కలిసి నేర్చుకోవడం ఒక్కటే దారి.

ఇలా కలిసి నేర్చుకోవడం కొత్తేమీ కాదు. తమిళనాడు పట్టు రైతులకు దీని మీద పెద్ద అనుభవమే ఉంది. కొత్తగా మల్బరీ పెట్టిన కుర్రవాళ్లకు తెలియదు గనుక కాస్త వివరంగా రాస్తాం.

2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి చెట్ల మీద తెల్లటి దూదిలాంటి పిండినల్లి కనిపించింది. మనకు తుక్ర తెచ్చే పాత పిండినల్లి కాదిది, వేరేది. మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన బొప్పాయి పిండినల్లి. ఏడాది తిరిగేసరికి బొప్పాయి, కర్రపెండలం, పత్తి, మందార, చివరికి గట్టు మీది వయ్యారిభామ దాకా పట్టేసింది. మల్బరీనీ వదల్లేదు. ఈరోడ్, తిరుప్పూర్, సేలం వైపు తోటలకు తోటలే బంక కారి, మసి పట్టి, కొనలు ముడుచుకుపోయాయి. ఆకు కోస్తే పురుగు ముట్టదు. మందు కొడితే పురుగు చస్తుంది. కొట్టకపోతే తోట చస్తుంది. చాలామంది మల్బరీని పెరికేశారు.

మందులు కొట్టినవాళ్లకూ ఫలితం దక్కలేదు. నల్లి మీద మైనం పూత ఉంటుంది, మందు లోపలికి దిగదు. పైగా ఒకడు తన తోటలో కొట్టినా గట్టు మీది వయ్యారిభామ నుంచి, పక్కవాడి మందార కంచె నుంచి వారంలో మళ్లీ వచ్చేది. అప్పుడు బెంగళూరులోని జాతీయ కీటక సంస్థవాళ్లు 2010 జూలైలో అమెరికా వ్యవసాయ శాఖ సాయంతో పోర్టోరికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగలను తెప్పించారు. చీమ కన్నా చిన్నవి. మనిషిని కుట్టవు. నల్లి పిల్ల ఒంట్లో గుడ్డు పెడతాయి, లోపల పిల్ల పెరిగి నల్లిని తినేసి బయటికొస్తుంది. ఆ ఏడాది అక్టోబరు నుంచి తమిళనాడులో వదలడం మొదలైంది. అసెరోఫాగస్ పపాయే అనేది బాగా నిలదొక్కుకుంది. విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రాలు, పట్టు శాఖ, కేంద్ర పట్టు మండలి అన్నీ కలిసి పెంచి పంచాయి. కొన్ని నెలల్లో నల్లి అదుపులోకి వచ్చింది. ఈరోజు మన తోటలో అది కనిపించినా భయపడక్కర్లేదంటే కారణం ఆ కందిరీగే. దానికి జీతం లేదు, కూలి లేదు.

అయితే దాన్ని వదిలాక ఎవరూ మందు కొట్టకూడదు. కొడితే నల్లి కన్నా ముందు కందిరీగ చస్తుంది. ఊరంతా చేయి ఆపుకుంటేనే అది బతుకుతుంది. ఆపుకోవాలంటే ఎందుకు ఆపుకోవాలో ప్రతివాడికీ తెలియాలి. నల్లి కట్టిన కొమ్మను కోసి, సీసాలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, లోపలి నుంచి కందిరీగలు రావడం కళ్లతో చూసినవాడు మళ్లీ డబ్బా భుజానికి ఎత్తుకోడు. కాగితం చదివినవాడు ఎత్తుకుంటాడు. ఊజి ఈగ సంగతీ ఇంతే. 1980లో కర్ణాటకలోకి దిగిన ఆ ఈగ ఒక షెడ్డులో పుట్టి ఇంకో షెడ్డులో గుడ్డు పెడుతుంది. నెసోలింక్స్ సంచులు నలుగురం కడితే పనికొస్తాయి, ఒక్కరం కడితే సగం దండగ.

ఇక తెలుగు నేల మీద జరిగిన సంగతి. మడకశిర, ధర్మవరం వైపు వాళ్లకు ఇది దగ్గరే, చూసే ఉంటారు. అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మేరీ వట్టమట్టం, బబ్లూ గంగూలీ, వాళ్ల స్నేహితులు కలిసి 32 ఎకరాల బీడు కొన్నారు. దానికి టింబక్టు అని పేరు పెట్టారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని సీమ. జపాన్ రైతు ఫుకువోకా చెప్పినట్టు నేలను దాని మానాన వదిలి చూద్దామనుకున్నారు. మంట పడకుండా, మేకలు పడకుండా కాపాడారు, వాన నీటికి అడ్డాలు కట్టారు. నరికిన మోళ్లు తమంతట తామే చిగిర్చాయి.

మమ్మల్ని ఆపి ఆలోచింపజేసింది ఆ 32 ఎకరాలు కాదు. డబ్బు పెట్టి కొన్న నేలను ఎవరైనా కాపాడుకుంటారు. ఆ తర్వాత ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి వేల ఎకరాల ప్రభుత్వ బంజరు గుట్టలను కల్పవల్లి పేరుతో అడవి చేశారు. ఏ ఒక్కరి పట్టా కాదది. వేసవిలో మంట పాకకుండా గడ్డి చెక్కి గీతలు తీయాలి, కావలి కాయాలి, గొర్రెలవాళ్లతో మాట్లాడి ఒప్పించాలి. అడవి తిరిగొచ్చాక గడ్డి ఆ గొర్రెలకే పనికొచ్చింది. ఈత చెట్లు పెరిగితే ఈతాకుతో చాపలు, బుట్టలు అల్లేవాళ్లకు పని దొరికింది. గొర్రెలవాణ్ణి శత్రువుగా చూసి ఉంటే ఏ వేసవిలోనో అగ్గిపుల్లతో అంతా అయిపోయేది.

రెండోది, డబ్బు సంగతిని వాళ్లు పక్కన పెట్టలేదు. ఆడవాళ్ల పొదుపు సంఘాలు పెట్టి మహాశక్తి అని సమాఖ్య చేశారు. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సంఘాలను నడుపుకున్నారు. 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘం వచ్చింది. కొర్ర, సామ, వేరుశనగ సభ్యుల దగ్గరే కొని, శుభ్రం చేసి, పొట్లాలు కట్టి అమ్ముతారు. రసాయనం వేయలేదని పెద్ద కంపెనీకి డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవడం కాకుండా, ఒక రైతు చేను ఇంకొందరు రైతులే వెళ్లి చూసి సంతకం పెట్టే పద్ధతి. పక్కవాడి చేలోకి తప్పులు పట్టడానికి వెళ్లినా, వెళ్లినవాడు ఏదో ఒకటి నేర్చుకునే తిరిగొస్తాడు. మాకు బాగా నచ్చింది ఇదే.

అయితే ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ధరణి మాదిరి మనకు కుదరదు. కొర్రలు ఎలా పండించారో చూసి కొనేవాళ్లున్నారు. గూళ్ల మార్కెట్లో రీలర్ చేతిలోకి తీసుకుని నొక్కి చూస్తాడు, కదిపి చప్పుడు వింటాడు, దారం ఎంత వస్తుందో అంచనా వేస్తాడు. ఆకుకు ఏ ఎరువు వేశావని అడగడు. రామనగరంలో పొద్దున ఏ రేటు పలికిందో ఫోనులో చూసి మాట్లాడతాడు. కాబట్టి పర్యావరణం పేరు చెప్పి మనకు కిలోకు పది రూపాయలు ఎక్కువ వస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. మన లాభం వేరేచోట ఉంది. ఒకటి, పోయే పంట పోకుండా ఆగడం. రెండు, బయట కొనేది తగ్గడం.

రెండోదాని గురించి కొంచెం. వీ1 తోటకు ఎకరాకు ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు, 140 కిలోల నత్రజని, 56 భాస్వరం, 56 పొటాష్ అని సిఫారసు. అంతా బస్తాల్లో కొంటే గూళ్ల డబ్బులో ఎంత మిగులుతుందో మీకే తెలుసు. మన షెడ్డులో పెంట, తినగా మిగిలిన ఆకు, పుల్లలు ఏడాదికి టన్నుల్లో వస్తాయి. వానపాముల తొట్టిలో వేస్తే మంచి ఎరువు. రోగం వచ్చిన పంట పెంట మాత్రం తొట్టిలో వేయకండి, దూరంగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాల్సిందే. వేసవిలో చెరువు మట్టి తోలుకోవడం మా తాతల పని, ఇక్కడి తమిళంలో చెరువును కణ్మాయి అంటారు. చైనాలో హూజౌ అనే చోట రెండు వేల ఏళ్లకు పైగా చేపల గుంట గట్టు మీదే మల్బరీ పెంచుతున్నారు. పట్టుపురుగు పెంట చేపకు, గుంట బురద మల్బరీకి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మా తాతలకు బిరుదు రాలేదు గానీ పని మాత్రం అదే.

మొదటిదానికే, అంటే పంట పోకుండా ఆగడానికే, మేము కలిసి కూర్చోవడం మొదలుపెట్టాం. సంఘం కాదు, పేరు లేదు, చందా లేదు. గూళ్లు అమ్మిన తర్వాతి ఆదివారం ఒకరి చేలో కలుస్తాం. చేలోనే, చెట్టు కింద. హాలులో కూర్చుంటే ఒకడు మాట్లాడతాడు, మిగతావాళ్లు ఫోను చూస్తారు. 1989లో ఇండోనేషియాలో వరి రైతులకు ఇలాంటి చేలోని బడి మొదలైంది. సుడిదోమకు మందు కొట్టేకొద్దీ దోమ పెరుగుతోందని తెలుసుకుని, అంతకు మూడేళ్ల ముందు అక్కడి ప్రభుత్వం వరిలో 57 మందులు ఆపేసింది. ఆపితే సరిపోదు, రైతు తన కళ్లతో చూడాలని వారం వారం మడిలో దిగి పురుగులు లెక్కపెట్టించారు. ఆంధ్రాలో పొలంబడి అంటే ఇదే. అక్కడి ప్రకృతి సేద్యం కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చిందంటే, ఆడవాళ్ల సంఘాల ద్వారా రైతే రైతుకు నేర్పే పద్ధతి అందులో ఉండబట్టే.

మా మొదటి రెండు ఆదివారాలూ పట్టు రైతులమే కూర్చుని మందు కొట్టేవాళ్లను తిట్టుకున్నాం. మూడోసారి మామను పిలిచాం. ఆయనతో పాటు మా ఊళ్లో డబ్బా కొట్టే కూలి కుర్రాళ్లు ఇద్దరు వచ్చారు. అసలు విషయం వాళ్ల దగ్గరే ఉంది. ఎవరి చేలో ఏ రోజు, ఏ మందు, ఎన్ని డబ్బాలు, ఆసామికి కూడా అంత గుర్తుండదు. ఒక్క రోజులో ఐదు చేలు కొడతారు. గాలి ఎటు ఉందో చూసి కొట్టమని వాళ్లకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదట. మందు మొహం మీద పడితే కళ్లు మండుతాయని, వాళ్లకీ గాలి సంగతి కావాలని అన్నారు. ఇలాంటి కూటానికి మొదట పిలవాల్సింది వీళ్లనే అని మా అభిప్రాయం.

ఒప్పందం ఇలా కుదిరింది. మల్బరీ వైపున్న ఆరు సాళ్లలో మామ పిచికారీ చేయడు. ఆ సాళ్లకు విషపు ఎర పెడతాం. తౌడు పది కిలోలు, బెల్లం రెండు కిలోలు, తగినన్ని నీళ్లు కలిపి ఒక రోజు పులియబెట్టి, వేసే ముందు థయోడికార్బ్ వంద గ్రాములు కలిపి చిటికెడు చిటికెడు మొవ్వులో వేయడం. ఇదీ విషమే, చేతులకు తొడుగులు ఉండాలి. కానీ గాలికి ఎగరదు. తౌడు, బెల్లం ఖర్చు మాది, వేసే పనిలోనూ మేమే వెళ్తాం. గుడ్ల ముద్దలు కనిపిస్తే చేత్తో నలిపేస్తాం. మిగతా చేలో కొట్టేముందు ఒక రోజు ముందే చెప్తారు, పొద్దున గాలి లేనప్పుడు కొడతారు. ఆ కబురు రాగానే మేము రెండు పూటలకు సరిపడా కొమ్మలు కోసి తడి గోనెల కింద దాచుకుంటాం. గట్టు వైపు మల్బరీ సాళ్లు కోయకుండా అడ్డుగా వదిలేస్తాం. బదులుగా మామ మేకలకు మా పుల్లల మీద మిగిలిన ఆకు. మంచి పంట పెంట మాత్రమే ఇస్తాం, ఆయన దిబ్బలో వేసుకుంటాడు.

టీ కొట్టు గోడకు ఒక నల్ల పలక తగిలించాం. రేపు ఎవరి చేలో మందో డబ్బా కుర్రాళ్లే దాని మీద రాస్తారు. ఫోను లేనివాళ్లూ చూస్తారు. టీ కొట్టాయన మొదట గొణిగాడు గానీ, పలక చూడ్డానికి వచ్చినవాడు టీ తాగకుండా పోడని తెలిశాక ఇప్పుడు సుద్దముక్క ఆయనే కొంటున్నాడు.

అనుమానం ఉన్న ఆకును ఇరవై పురుగులకు విడిగా వేసి ఒక పూట చూశాకే మిగతావాటికి వేయడం ఇంకో పద్ధతి. ఇది చేసేది మా ఆడవాళ్లు. షెడ్డులో ఎక్కువసేపు ఉండేది వాళ్లే, పురుగు తల ఎత్తి ఊపుతోందా, నిద్రకు వెళ్తోందా అని మా కన్నా ముందు కనిపెట్టేదీ వాళ్లే. ట్రైనింగ్‌కు మాత్రం మగవాళ్లం వెళ్లి భోజనం చేసి వస్తున్నాం. ఆదివారం మధ్యాహ్నం మూడు అంటే వాళ్లకు ఆకు వేసే వేళ. అందుకే కూటాన్ని పదకొండుకు మార్చాం. వాళ్లు రావడం మొదలయ్యాక లెక్కలపుస్తకం కూడా సరిగా నడుస్తోంది.

అప్పటి నుంచి మూడు పంటలు విషం తగలకుండా గూటికెక్కాయి. అంతా సర్దుకుందని మాత్రం అనలేం. మా తోటలకు తూర్పున ఒక ఏడెకరాలుంది. ఆసామి చెన్నైలో ఉంటారు, కౌలుదారు ఏడాదికొకరు మారతారు. ఈసారి వచ్చినాయన పత్తి పెట్టాడు, డ్రోన్‌తో కొట్టిస్తానంటున్నాడు. కౌలు డబ్బు ముందే కట్టేసినవాడికి నేల బాగు గురించి చెప్పినా, పురుగు గురించి చెప్పినా వినే తీరిక ఉండదు. ఆయన్ని తప్పుపట్టలేం. రెండుసార్లు వెళ్లి మాట్లాడాం, వచ్చే ఆదివారం కూటం ఆయన చేలోనే పెడతామంటే సరే అన్నాడు. అందాకా ఆ పక్కనున్న ఇద్దరం 150 గుడ్లకు బదులు 75 మాత్రమే చెప్పాం. పత్తికి మొదటి మందు పడే వారంలో మా పురుగులు ఐదో దశలో ఉండకుండా చాకీ తేదీ జరిపాం.

మీ వైపు, ముఖ్యంగా పలమనేరు, మదనపల్లె దగ్గర టమాటా పక్కన మల్బరీ ఉన్నవాళ్లు ఏ మందుకు ఎన్ని రోజులు ఆగి ఆకు కోస్తున్నారు? ఇరవై పురుగులకు వేసి చూసిన సంగతులుంటే మందు పేరు, కొట్టిన తేదీ, కోసిన తేదీ చెప్పి వాయిస్ పంపండి. డ్రోన్ కొట్టిన చేనుకు ఎంత దూరం దాకా ఆకు చెడిందో ఎవరైనా చూసి ఉంటే అది మాకు ఈ ఆదివారం లోపలే కావాలి.